సస్పెన్స్ సినిమా ఇంటికొచ్చిన వేళ
(ప్రేక్షకుల తీర్పు ఎలా మారిందో తెలిపే చిన్న చరిత్ర)

మన సంఘ సభ్యుల్లో చాలామంది యౌవనం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌తోనూ, టెంపోరావు గారి అపరాధ పరిశోధన నవలలతోనూ గడిచింది. ఆఫీసు ఫైళ్ల మధ్య పాకెట్ నవల దాచుకుని చదివినవారు, ఆదివారం మార్నింగ్ షోలో ఇంగ్లీషు సస్పెన్స్ సినిమా చూసి సోమవారం క్యాంటీన్‌లో కథ చెప్పినవారు మనలో కొదవ లేరు. అందుచేత ఈ ప్రత్యేక సంచికలో ఆ సినిమాలకు సంబంధించిన ఒక చరిత్రను పాఠక మిత్రుల ముందు ఉంచడం సమంజసమని తలచాము. ఆ సినిమాలు హాలు విడిచి వీడియో కేసెట్ రూపంలో ఇంటికి వచ్చినప్పుడు ఏం జరిగింది? ప్రేక్షకుడి అభిప్రాయం ఎలా మారింది? ఆ మార్పు కోసం ఎన్ని కోర్టుల్లో వాదనలు నడిచాయి? ఇవీ ఈ వ్యాసంలోని విషయాలు.

సస్పెన్స్ అనగానే అందరికీ తోచే పేరు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్. ఆయన 1899లో లండన్ నగరంలో పుట్టి, 1980 ఏప్రిల్ 29న అమెరికాలోని లాస్ ఏంజిలెస్‌లో కన్నుమూశారు. సస్పెన్స్ అంటే ఏమిటో ఆయన ఒక చిన్న ఉదాహరణతో చెప్పేవారు. ఇద్దరు బల్ల దగ్గర కూర్చుని కబుర్లాడుతుండగా బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడు పది, పదిహేను సెకన్లు ఉలిక్కిపడతాడు. అదే బాంబు అక్కడ ఉన్నదని ప్రేక్షకుడికి ముందే తెలిసి, ఆ ఇద్దరికీ తెలియకపోతే, ఆ పనికిమాలిన కబుర్లే పదిహేను నిమిషాలపాటు ప్రాణం బిగబట్టి వినవలసి వస్తుంది. మొదటిది ఆశ్చర్యం, రెండోది సస్పెన్స్. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు ముందు దీనితో పని పడుతుంది.

హాలు మాత్రమే ఉన్న రోజులు

సస్పెన్స్ సినిమాకు ఒకప్పుడు హాలే సర్వస్వం. రహస్యాన్ని కాపాడటానికి నిర్మాతలు పడని పాట్లు లేవు. ఫ్రెంచి దర్శకుడు క్లూజో 1955లో తీసిన 'లే దియాబోలిక్' చివర, ముగింపు ఎవరికీ చెప్పవద్దని ప్రేక్షకులను అర్థిస్తూ తెర మీద అక్షరాలు వేశారు. బిల్లీ వైల్డర్ 1957లో తీసిన 'విట్‌నెస్ ఫర్ ది ప్రాసిక్యూషన్' ముగిశాక ఒక గొంతు అదే మాట కోరుతుంది. 1967లో వచ్చిన 'వెయిట్ అంటిల్ డార్క్'లో ఒక అంధురాలు తన ఇంట్లో దీపాలు ఆర్పి దుండగుణ్ణి ఎదిరిస్తుంది. ఆ చివరి నిమిషాల్లో హాల్లోని దీపాలు కూడా చట్టం ఒప్పుకున్నంత మేరకు తగ్గించేస్తామని ముందే ప్రకటనలు ఇచ్చారు.

వీటన్నిటినీ తలదన్నినది 1960లో వచ్చిన 'సైకో'. రాబర్ట్ బ్లాక్ 1959లో రాసిన నవల హక్కులను హిచ్‌కాక్ తన పేరు బయటపడకుండా 9,000 డాలర్లకు కొనిపించారు. తన టెలివిజన్ కార్యక్రమాలకు పనిచేసే సిబ్బందినే చాలావరకు వాడుకుని, నలుపు తెలుపులో, సుమారు 8 లక్షల డాలర్ల ఖర్చుతో పూర్తి చేశారు. స్నానాల గది దృశ్యం తెర మీద ముప్పాతిక నిమిషం మాత్రమే ఉంటుంది గానీ, దాన్ని 1959 డిసెంబరులో వారం రోజులపాటు, డెబ్భైకి పైగా కోణాల్లో తీశారు. రక్తం స్థానంలో వాడినది చాక్లెట్ సిరప్. సినిమా మొదలయ్యాక ఎంతటివారినైనా లోపలికి రానివ్వరాదని హాళ్లకు కచ్చితమైన ఉత్తరువు. అప్పటిదాకా అమెరికాలో జనం సినిమా మధ్యలో వచ్చి కూర్చుని, తరువాతి ఆటలో మొదటి భాగం చూసి వెళ్లడం మామూలు. ఆ అలవాటును మార్చిన ఘనత ఈ సినిమాకు చాలావరకు దక్కుతుంది.

విమర్శకులు మొదట పెదవి విరిచారు. లండన్ 'అబ్జర్వర్' పత్రికకు ఎన్నో ఏళ్లుగా రాస్తున్న సి.ఎ. లెజూన్ అనే విమర్శకురాలు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. జనం మాత్రం వీధుల్లో బారులు తీరారు. సస్పెన్స్ సినిమా విషయంలో పత్రికల తీర్పు, ప్రేక్షకుల తీర్పు వేరువేరుగా ఉండడం అప్పటినుంచీ ఉన్నదే. అయితే హాలు ప్రేక్షకుడికి ఒక ఇబ్బంది ఉంది. అతను ఒక్కసారి చూసి తీర్పు చెప్పాలి. వారం తిరిగేసరికి సినిమా మారిపోతుంది. తప్పుగా తోచినచోట వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు.

టెలివిజన్ వచ్చాక కొంత మేలు కలిగింది గానీ, అక్కడా అడ్డంకులే. 'సైకో'ను 1966 సెప్టెంబరులో ప్రసారం చేయడానికి సి.బి.ఎస్. సంస్థ సిద్ధపడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇల్లినాయ్ రాష్ట్రంలో సెనేట్ ఎన్నికలలో నిలబడిన ఒక అభ్యర్థి కుమార్తె ఇంట్లోనే హత్యకు గురికావడంతో ప్రసారం నిలిపివేశారు. ఏ సినిమా ఎప్పుడు చూడాలో ఇంకొకరు నిర్ణయించే కాలమది.

కనుమరుగైన అయిదు చిత్రాలు

హిచ్‌కాక్ సినిమాల్లో అయిదింటి హక్కులు కాలక్రమంలో ఆయన చేతికే వచ్చాయి. అవి 'రోప్' (1948), 'రియర్ విండో' (1954), 'ది ట్రబుల్ విత్ హ్యారీ' (1955), 'ది మేన్ హూ న్యూ టూ మచ్' (1956), 'వెర్టిగో' (1958). ఆయన వీటిని చాలా ఏళ్లపాటు ఎవరికీ ప్రదర్శనకు ఇవ్వలేదు. హాళ్లలో లేవు, టీవీలో లేవు. ఒక తరం మనుషులు పెరిగి పెద్దవారయ్యారు గానీ ఈ సినిమాల పేర్లు పుస్తకాల్లో చదవడమే తప్ప కళ్లతో చూసింది లేదు. ఆయన మరణానంతరం యూనివర్సల్ సంస్థ హక్కులు సంపాదించి 1983, 84 సంవత్సరాల్లో వాటిని ఒక్కొక్కటిగా మళ్లీ విడుదల చేసింది. తరువాత అవే కేసెట్లుగా ఇళ్లకు చేరాయి.

అప్పటికి వయసు మళ్లినవారు పాతికేళ్ల కిందట చూసినదాన్ని తమ జ్ఞాపకంతో సరిపోల్చుకోగలిగారు. పిల్లలేమో మొదటిసారి చూశారు. తల్లిదండ్రులు గొప్పదని చెప్పినది నిజంగా గొప్పదేనా అని ఇంటింటా వాదన నడవడానికి ఆ కేసెట్లే కారణమయ్యాయి.

యంత్రం మీద దావా

ఆ కేసెట్లు అంత సులభంగా రాలేదు. సోనీ సంస్థ 1975లో బీటామాక్స్ అనే రికార్డింగ్ యంత్రాన్ని తెచ్చింది. మరుసటి ఏడాదే జపానులో జె.వి.సి. సంస్థ వి.హెచ్.ఎస్. పద్ధతిని ప్రవేశపెట్టింది. టీవీలో వచ్చే కార్యక్రమాన్ని ఇంట్లోనే రికార్డు చేసుకుని తీరిక వేళ చూసుకోవచ్చుననేసరికి సినిమా సంస్థలకు గుండెల్లో రాయి పడింది. యూనివర్సల్, డిస్నీ సంస్థలు 1976లో సోనీ మీద దావా వేశాయి. ఇలా రికార్డు చేసుకోవడం హక్కుల చౌర్యమనీ, అందుకు సాధనం అమ్మినందున సోనీ బాధ్యత వహించాలనీ వాదించాయి.

1979లో కింది కోర్టు సోనీ పక్షాన తీర్పు చెప్పింది. 1981లో అప్పీలు కోర్టు దాన్ని తిరగదోడింది. 1982లో సినిమా సంస్థల సంఘం అధ్యక్షుడు జాక్ వాలెంటి అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యమిస్తూ, ఒంటరి ఆడదానికి బోస్టన్ హంతకుడు ఎంతో సినిమా పరిశ్రమకు వీడియో యంత్రం అంత, అన్న అర్థంలో మాట్లాడారు. సస్పెన్స్ సినిమా సంభాషణ లాగే ఉంది కదా! మరో వైపు, పిల్లల కార్యక్రమాలతో పేరు పొందిన ఫ్రెడ్ రోజర్స్, కుటుంబంలో అందరూ తీరిక వేళ కలిసి చూసుకోవడానికి ఈ యంత్రం ఉపకరిస్తుందని కోర్టులో సాక్ష్యం చెప్పారు. చివరకు 1984 జనవరి 17న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు, నలుగురుగా చీలి సోనీకి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. తీరిక వేళ చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని తేల్చింది. ఒక్క న్యాయమూర్తి మనసు అటు మొగ్గి ఉంటే ఈ చరిత్ర మరోలా ఉండేది.

ఇందులో విచిత్రమేమంటే, యంత్రాన్ని ఆపించాలని కోర్టుకెక్కిన యూనివర్సలే హిచ్‌కాక్ అయిదు చిత్రాలనూ సంపాదించి కేసెట్ల మీద అమ్మింది. 1980 దశకం ముగిసేలోగా అమెరికాలో సినిమా సంస్థలకు హాళ్లకన్నా ఇంటి వీడియో వల్ల వచ్చే రాబడే ఎక్కువైంది. వద్దని తోసిన కొత్తదే తరువాత అన్నం పెట్టింది.

కథకుడి వారసులు

పెన్షనర్లమైన మనకు 'కుటుంబ పెన్షన్' అన్న మాట విలువ తెలుసు. కష్టపడినవాడు పోయాక ఆ కష్టానికి ఫలం ఎవరికి చేరాలి అన్నది 'రియర్ విండో' కేసులో తలెత్తిన ప్రశ్న.

ఆ సినిమాకు మూలం కార్నెల్ ఊల్‌రిచ్ అనే రచయిత 1942లో ఒక డిటెక్టివ్ పత్రికలో రాసిన కథ. కాలు విరిగి కుర్చీకి అంటుకుపోయిన మనిషి కిటికీలోంచి ఎదుటి ఇళ్లను చూస్తూ ఒక హత్యను పసిగట్టడం అందులోని ఇతివృత్తం. 1945లో ఆయన ఆరు కథల సినిమా హక్కులను 9,250 డాలర్లకు అమ్ముకున్నారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం రచన మీద హక్కు 28 ఏళ్లు ఉండి, తరువాత మరో 28 ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. ఆ గడువు వచ్చినప్పుడు హక్కు మళ్లీ సినిమావారికే ఇస్తానని ఆయన ఒప్పుకున్నారు. కానీ గడువు రాకముందే 1968లో చనిపోయారు. విధి వైపరీత్యం చూడండి, కాలు విరిగినవాడి కథ రాసిన ఆ రచయితకు అవసాన దశలో ఒక కాలు తీసివేయవలసి వచ్చింది. భార్యాబిడ్డలు లేరు. జీవితంలో చాలా భాగం తల్లితో హోటలు గదుల్లో గడిపిన మనిషి. ఆస్తిని తల్లి పేరిట విద్యార్థులకు ఉపకార వేతనాలు ఇవ్వమని కొలంబియా విశ్వవిద్యాలయానికి రాసిపెట్టారు.

ఆయన ఆస్తి వ్యవహారాలు చూసే బ్యాంకు 1969లో కథ హక్కును పునరుద్ధరించి, షెల్డన్ ఆబెండ్ అనే సాహిత్య ఏజెంటుకు 650 డాలర్లకూ, వచ్చే రాబడిలో పదో వంతుకూ అప్పగించింది. 1983లో సినిమా మళ్లీ విడుదలై, కేసెట్టుగానూ వచ్చాక ఆబెండ్ దావా వేశారు. ఆ పునర్విడుదల వల్ల ప్రపంచవ్యాప్తంగా కోటి ఇరవై లక్షల డాలర్లకు పైగా వచ్చాయన్నది ఆయన వాదన. రచయిత బతికి ఉండి ఇచ్చిన మాట వారసులను కట్టివేస్తుందా? 1990 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు, కట్టివేయదని ఆరుగురు ముగ్గురుగా తీర్పు చెప్పింది. పునరుద్ధరణ హక్కు చట్టం కొత్తగా కల్పించే హక్కనీ, గడువుకు ముందే రచయిత పోతే అది వారసుల పక్షానికే చెందుతుందనీ తేల్చింది. దావాలో ప్రతివాదుల జాబితాలో హిచ్‌కాక్ వారసులతోబాటు కథానాయకుడు జేమ్స్ స్టూవర్ట్ కూడా ఉన్నారు. ఆయనకు ఆ సినిమాలో భాగం ఉంది.

అంతకు ముందు అప్పీలు కోర్టు చెప్పిన ఒక మాట మనకు ముఖ్యం. కథ హక్కుదారుకు న్యాయం జరగాలి గానీ, అందుకోసం సినిమాను నిలిపివేస్తే ప్రేక్షకలోకానికి నష్టం, కనుక పరిహారం ఇప్పించడం మేలని ఆ కోర్టు అభిప్రాయపడింది. చూసేవాడికి కూడా ఒక హక్కు ఉందని గుర్తించిన మాట అది.

ఇంటి ప్రేక్షకుల మాట

ఇక ఇంట్లో చూసినవారు ఏమన్నారో చూద్దాం. మొట్టమొదటి వివాదం, ముగింపు తెలిసిన సస్పెన్స్ సినిమాను రెండోసారి చూడగలమా అన్నది. చూడలేమని కొందరు వాదించారు. కానీ కేసెట్ చేతికొచ్చాక తేలినది వేరు. ఆశ్చర్యం మీద మాత్రమే ఆధారపడిన సినిమాలు రెండోసారికి చప్పబడ్డాయి. బల్ల కింద బాంబు చూపించి నడిపిన సినిమాలు పదోసారి కూడా నిలబడ్డాయి. 'రియర్ విండో'లో హంతకుడు ఎవరన్న విషయాన్ని హిచ్‌కాక్ పెద్దగా దాచనే లేదు. గ్రేస్ కెల్లీ ఎదుటి ఇంట్లో ఉండగా హంతకుడు వరండాలో నడిచి వస్తుంటే, కదలలేని స్టూవర్ట్‌తోపాటు మనమూ కుర్చీ చేతులు పట్టుకుని గింజుకుంటాము. ఫలితం తెలిసినా గింజుకోవడం మానము.

పైగా ఆ సినిమా ఇంటి వీడియోకు సరిగ్గా అతికినట్టు సరిపోయింది. పారమౌంట్ స్టూడియోలో ముప్పై ఒక్క వాటాలు గల భవన సముదాయం సెట్టు వేశారు. ప్రతి కిటికీలోనూ ఒక కాపురం, ఒక కథ. హాల్లో చూసినవారు హత్య వెంట పరుగెత్తారు. ఇంట్లో చూసినవారు వెనక్కి తిప్పి, ఒంటరి స్త్రీ ఏం చేస్తోందో, సంగీతకారుడి పాట ఎంతవరకు వచ్చిందో చూశారు. మంచాన పడ్డవారు, మోకాళ్ల నొప్పులతో ఇంట్లోనే ఉండిపోయినవారు ఆ కథానాయకుణ్ణి తమ మనిషిగా భావించడంలో వింత లేదు.

రెండో విషయం బొమ్మను ఆపి చూసే సౌకర్యం. రిమోట్ మీద ఒక్క మీట నొక్కితే సామాన్య ప్రేక్షకుడు పరిశోధకుడైపోయాడు. 'నార్త్ బై నార్త్‌వెస్ట్' (1959)లో కొండ దగ్గరి ఫలహారశాలలో కథానాయిక పిస్తోలు పేల్చే ఘట్టం ఉంది. ఆమె పేల్చకముందే వెనక బల్ల దగ్గర కూర్చున్న ఒక కుర్రవాడు చెవులు మూసుకుంటాడు! రిహార్సల్స్‌లో ఆ చప్పుడు విని విసిగిపోయాడు కాబోలు. ఇంట్లో బొమ్మ ఆపి చూసుకునే వీలు వచ్చాక ఆ కుర్రవాణ్ణి చూడనివారు లేరు. దీనివల్ల సినిమా మీద గౌరవం తగ్గిందా అంటే లేదు. ఇంటికి వచ్చిన చుట్టాలకు ఆ కుర్రవాణ్ణి చూపించి నవ్వుకోవడం ఒక ముచ్చట అయింది. 'రోప్'లో ఒక్కొక్క షాట్ పది నిమిషాల దాకా సాగుతుంది. ఎక్కడ ఎవరి కోటు వెనక కెమెరా ఆగి రీలు మారిందో లెక్కపెట్టేవారు బయల్దేరారు. అది నేర్పు అన్నవారు కొందరు, నాటకం చూసినట్టుందని విసుక్కున్నవారు కొందరు.

మూడవది, పోల్చి చూసే అవకాశం. 'ది మేన్ హూ న్యూ టూ మచ్' కథను హిచ్‌కాక్ రెండుసార్లు తీశారు, 1934లో ఇంగ్లండులో, 1956లో అమెరికాలో. మొదటిది ప్రతిభ ఉన్న ఔత్సాహికుడి పని, రెండోది వృత్తి నిపుణుడి పని అన్న అర్థంలో ఆయనే ఫ్రెంచి దర్శకుడు త్రూఫోతో చెప్పుకున్నారు. రెండు కేసెట్లు పక్కపక్కన పెట్టి చూసినవారిలో అందరూ ఆయనతో ఏకీభవించలేదు. గంటా పావులో ముగిసే మొదటిదే బిగువుగా ఉందని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. రెండోదాని పక్షం వహించేవారికి ఆల్బర్ట్ హాల్ ఘట్టమూ, డోరిస్ డే పాడిన 'కె సెరా సెరా' పాటా బలం. ఆస్కార్ పొందిన ఆ పాటను 1965 నాటి 'తోడు నీడ' చిత్రంలో భానుమతి గారి గొంతున విన్నవారు మనలో ఎందరో ఉన్నారు.

నాలుగవది ఫిర్యాదుల జాబితా. వెడల్పు తెరకు తీసిన బొమ్మను చదరపు టీవీకి సరిపెట్టడానికి రెండు వైపులా కోసేవారు. అంచున నిలబడిన మనిషి మాయమయ్యేవాడు. సస్పెన్స్ సినిమాలో అంచున ఉన్న మనిషే ముఖ్యం కావచ్చు! పైనా కిందా నల్లపట్టీలతో పూర్తి బొమ్మ ఇస్తే, 'మా టీవీలో సగం వాడనే లేదు' అని మరికొందరు గొణిగారు. 'డయల్ ఎం ఫర్ మర్డర్' (1954)ను త్రీడీలో తీశారు. ఇంట్లో మాత్రం దశాబ్దాలపాటు మామూలు బొమ్మగానే చూడవలసి వచ్చింది, 2012లో త్రీడీ డిస్కు వచ్చేదాకా. 'షరాడ్' (1963) సంగతి మరీ చిత్రం. పేర్ల వరుసలో హక్కుల ప్రకటన చట్టం కోరినట్టు వేయకపోవడంతో అమెరికాలో ఆ సినిమా అందరి సొత్తయింది. ఎవరికి దొరికిన ప్రింటుతో వారు చౌక కేసెట్లు తీశారు. మంచి సినిమాను మసక బొమ్మలో చూసి 'ఇదేం గొప్ప' అన్నవారిని తప్పుపట్టలేము. సినిమా మీద అభిప్రాయం చాలాసార్లు కేసెట్ మీద అభిప్రాయమే.

'వెర్టిగో' పొందిన పునర్విచారణ

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచింపజేసేది 'వెర్టిగో' కథ. ఎత్తయిన చోట కళ్లు తిరిగే జబ్బున్న ఒక మాజీ పోలీసు అధికారి, తను కాపాడలేకపోయిన స్త్రీని పోలిన మరొక స్త్రీని చూసి, ఆమెను అచ్చంగా మొదటి ఆమె లాగే మార్చాలని పట్టుబట్టడం ఇతివృత్తం. 1958లో విడుదలైనప్పుడు నడక నెమ్మదిగా ఉందన్నారు, కథ నమ్మశక్యంగా లేదన్నారు. సినిమా ముగియడానికి చాలా ముందే దర్శకుడు రహస్యం విప్పేయడం కొందరికి మింగుడుపడలేదు. పెట్టుబడి వెనక్కి రావడమే గగనమైంది. (ఆ రహస్యం ఏమిటో ఇక్కడ చెప్పబోము. చూడని మిత్రుల ఆనందం చెడగొట్టడం న్యాయం కాదు.)

బ్రిటన్‌లోని 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952 నుంచి పదేళ్లకు ఒకసారి విమర్శకుల చేత ప్రపంచంలోని గొప్ప సినిమాలను ఎన్నిక చేయిస్తుంది. అందులో 'వెర్టిగో' 1982లో ఏడవ స్థానం పొందింది. 1992లో నాలుగు, 2002లో రెండు. 2012లో, యాభై ఏళ్లుగా మొదటి స్థానం వదలని 'సిటిజన్ కేన్'ను దించి మొదటికి చేరింది. 2022లో 'జాన్ డీల్‌మాన్' అనే చిత్రం మొదటి స్థానానికి రాగా 'వెర్టిగో' రెండవదయింది.

ఇది కేసెట్ల మహిమేనా? పూర్తిగా కాదు. 1982లో ఏడవ స్థానం వచ్చేనాటికి ఆ సినిమా ఎవరికీ అందుబాటులోనే లేదు. పాత జ్ఞాపకంతో, పుస్తకాల్లో చర్చతో వచ్చిన కీర్తి అది. కానీ ఆ కీర్తి నిలిచి పెరగడానికి, కోట్ల మంది ఇంట్లో రెండోసారీ మూడోసారీ చూడగలగడం తోడ్పడిందనడంలో సందేహం లేదు. మొదటిసారి మనం ఆ పురుషుడి కళ్లతో చూస్తాము. రహస్యం తెలిసి రెండోసారి చూస్తే ఆ స్త్రీ కళ్లలోని భయమూ, ప్రేమా కనిపిస్తాయి. మొదట తప్పనిపించిన ముందస్తు వెల్లడే అసలైన బలమని అప్పుడు బోధపడుతుంది. బల్ల కింద బాంబు ఇదే.

1996లో రాబర్ట్ హ్యారిస్, జేమ్స్ కాట్జ్ అనే ఇద్దరు నిపుణులు పది లక్షల డాలర్లకు పైగా ఖర్చుతో, సుమారు రెండేళ్లు శ్రమించి, రంగులు వెలిసిపోతున్న ఆ చిత్రాన్ని బాగుచేశారు. బొమ్మను అందరూ మెచ్చుకున్నారు. శబ్దం దగ్గర పేచీ వచ్చింది. స్టీరియో కోసం అడుగుల చప్పుడు, తుపాకీ చప్పుడు, పక్షుల అరుపులు వంటివి కొత్తగా చేర్చారు. పాత చిత్రాన్ని శుభ్రం చేయడం వేరు, దానికి కొత్త నగలు పెట్టడం వేరు అని అభిమానులు అభ్యంతరం చెప్పారు. తరువాత వచ్చిన కొన్ని డిస్కుల్లో పాత శబ్దాన్ని కూడా విడిగా చేర్చారు. ప్రేక్షకుల గొంతుకు విలువ ఉందనడానికి ఇదొక నిదర్శనం.

మన వైపు

హిచ్‌కాక్ నీడ మన సినిమాల మీదా పడింది. ఆయన 'రెబెకా' (1940)కు మాతృక అయిన నవల హిందీలో 'కోహ్రా' (1964) అయింది. అందులో నాయిక వహీదా రెహమాన్, మన 'రోజులు మారాయి' (1955)లో నర్తించిన ఆవిడే. 'వెర్టిగో' ఛాయలతో తమిళంలో 1965లో 'కలంగరై విళక్కం' వచ్చింది. హిందీ 'వో కౌన్ థీ' (1964) తెలుగులో 'ఆమె ఎవరు' (1966) అయింది. 1967లో కృష్ణ నటించిన 'అవే కళ్లు', 1985లో వంశీ తీసిన 'అన్వేషణ' మన వారి పద్ధతిలో సస్పెన్స్ పండించిన చిత్రాలు.

1982లో ఢిల్లీ ఏషియాడ్ సందర్భంగా కలర్ టీవీ ప్రవేశించాక మన పట్టణాల్లో వి.సి.ఆర్.ల హడావుడి మొదలైంది. వీధి చివర వీడియో పార్లర్, ఊరెళ్లే దారిలో వీడియో కోచ్ బస్సు, పండగకు అద్దెకు తెచ్చిన టీవీ, డెక్కు, నాలుగు కేసెట్లు, తెల్లవార్లూ ఇరుగుపొరుగుతో జాగారం. ఇవన్నీ మన ఇళ్లలోని పిల్లలకు ఇప్పుడు కథలే. దొంగ కేసెట్ల బెడద మూలంగా మన ప్రభుత్వం కూడా 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి, కేసెట్ మీద హక్కుదారు వివరాలు విధిగా ముద్రించాలన్నది. అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన సంవత్సరం కూడా అదే కావడం గమనార్హం.

చివరగా ఒక విజ్ఞప్తి

బీటామాక్స్ కేసెట్ల తయారీని సోనీ 2016 మార్చిలో ఆపేసింది. అదే ఏడాది జూలైలో, వి.హెచ్.ఎస్. యంత్రాలను తయారుచేస్తూ మిగిలిన ఆఖరి సంస్థ ఫునాయ్ కూడా చేతులెత్తేసింది. ఇప్పుడు మనవలు ఫోనులోనే సినిమా చూపిస్తున్నారు. అయితే అద్దె ఇంట్లో కాపురంలాగ, హక్కు గడువు తీరగానే సినిమా ఆ జాబితాలోంచి మాయమవుతోంది. అయిదు చిత్రాలు ఏళ్ల తరబడి కనుమరుగైన వైనం చదివాక, ఏ సినిమా అయినా ఎప్పటికీ అందుబాటులో ఉంటుందని ధీమాగా ఉండరాదని తెలుస్తోంది.

హిచ్‌కాక్ సినిమాల రక్షణకు పెద్ద సంస్థలు, నిపుణులు ఉన్నారు. మన బీరువా పైఅరలో ఉన్న కేసెట్లకు మనమే దిక్కు. అమ్మాయి పెళ్లి, తండ్రిగారి షష్టిపూర్తి, పదవీ విరమణ సన్మానం, ఇప్పుడు లేనివారి గొంతులు ఆ టేపుల్లో ఉన్నాయి. మన వాతావరణంలో తేమకు టేపు మీద బూజు పడుతుంది, అయస్కాంతపు పూత రాలిపోతుంది, ఆడించే యంత్రమూ దొరకదు. పిల్లలతో చెప్పి, ఈ ఏడాదే వాటిని కంప్యూటరులోకి ఎక్కించి రెండు చోట్ల భద్రపరచుకోవలసిందిగా సభ్యులందరికీ మనవి. ఆ పని అయ్యాక ఒక సాయంత్రం దీపాలు తగ్గించి, మనవళ్లను మనవరాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని 'రియర్ విండో' చూడండి. వారి తీర్పు మీ తీర్పుతో కలవకపోతే సంతోషించండి. మంచి సస్పెన్స్ సినిమాకు ప్రతి తరమూ కొత్త తీర్పు రాస్తూనే ఉంటుంది.